చేతులు కడిగే వేళ

తొమ్మిదో భాగం

"సంతకం పెట్టు," అన్నారాయన మూడోసారి.

కాగితం బల్ల మీద ఉంది. దాని మీద పెన్ను. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో రోజూ రిపోర్టులు రాసి రాసి ఆయన చేతిరాత అచ్చు వేసినట్టుంటుంది. ఒక్క కొట్టివేత లేదు. అడుగున రెండు గీతలు గీశారు. ఒక గీత మీద ఆయన సంతకం ఉంది. రెండోది ఖాళీ.

"చదివావా?"

"చదివాను."

"అర్థం కానిదేమైనా ఉందా?"

"లేదండీ."

"మరింకేం?"

'ఆయా మా పాప మణికట్టు నలిపి పట్టుకున్నందువల్ల నీలం మచ్చ పడింది. ఇలాంటి మనిషిని చిన్నపిల్లల దగ్గర ఉంచరాదు. వెంటనే పనిలోంచి తీసేయవలసిందిగా కోరుతున్నాము.' అదీ అందులో ఉన్నది. మచ్చ నిజమే. నిన్న మధ్యాహ్నం బడి నుంచి తెచ్చాక నేనే చూపించాను. అదే సమయంలో మా పాప ఆ ఆయమ్మ ముంజేతిని రక్తం వచ్చేలా కొరికిన సంగతి మాత్రం అందులో ఒక్క ముక్క లేదు.

మంచం మీద బఠాణీలు ఒలుస్తున్న అత్తయ్య తల ఎత్తకుండానే అంది, "దాని చెయ్యి నొప్పేమోరా. ఇటియ్యి, నేను పెడతాను."

"నీ సంతకం చెల్లదమ్మా. పిల్లని బడిలో దింపేదీ తెచ్చేదీ తను. తను చూసినట్టుండాలి."

"చూసిందా మరి?"

ఆయన పెన్ను నావైపు జరిపారు. గిన్నెలో బఠాణీలు పడుతూనే ఉన్నాయి.

బల్ల కింద మా పిడుగు రంగు పెన్సిల్‌తో నేల మీద గీస్తోంది. పుట్టిన మూడో నెలలో దాని ఏడుపు విని అత్తయ్య పెట్టిన పేరు అది. అసలు పేరు బడి రిజిస్టర్‌లో తప్ప ఎక్కడా వినపడదు. అలా పిలవొద్దని, మనం ఏమని పిలిస్తే పిల్లలు అలాగే ఉండాలనుకుంటారని టీచర్ చెప్పిందని ఒకసారి నేను ఇంట్లో చెప్పాను. "అయితే మల్లెపువ్వని పిలుద్దాం. మల్లెపువ్వు కరవడం ఎక్కడైనా చూశావా?" అంది అత్తయ్య. ఆ తర్వాత మళ్ళీ నేనా మాట ఎత్తలేదు.

"రేపు పదిన్నరకి పెద్ద మేడం ఇద్దరినీ రమ్మంది," అన్నారాయన. "సెలవు పెట్టుకున్నాను. కాగితం ఆవిడ చేతిలో పెడతాను. ఆయాని తీసేస్తే సరే. లేదంటే పిల్లని ఆ బడిలో ఉంచేది లేదు."

"రేపు పొద్దున టీచర్ నన్ను క్లాసులో కూర్చుని చూడమన్నారండీ. చూశాక పెడతాను."

"చూడ్డానికేముంది? రెండు వారాల్లో నాలుగుసార్లు. నాలుగుసార్లూ చేతులు కడిగించేటప్పుడే. నాలుగుసార్లూ ఆ మనిషి దగ్గరే. ఇంట్లో ఒక్కసారైనా కరిచిందా ఇది ఎవరినైనా?"

నా ఎడమ భుజం మీద జాకెట్టు కింద రెండు మచ్చలున్నాయి. ఒకటి పాతది, పసుపు రంగులోకి తిరిగింది. ఒకటి మొన్నటిది.

"లేదు," అన్నాను.

"అంతేగా. లిఫ్టు ఎప్పుడూ ఒకే అంతస్తులో ఆగిపోతోందంటే లోపం లిఫ్టులో ఉండదు. ఆ అంతస్తులో ఉంటుంది. నీకు పిల్లకన్నా ఆ ఆయా ఎక్కువైపోయిందా?"

"అలా అని నేననలేదు."

"ఏమీ అనవు నువ్వు. అదే కదా నీతో గొడవ."

పెన్ను తీసి జేబులో పెట్టుకుని, ఫోన్ మోగితే మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళిపోయారు. ఎక్కడో ఎవరో నాలుగో అంతస్తులో ఇరుక్కుపోయారట. "భయపడకండి, లైటు వెలుగుతోందా? గోడకి ఆనుకుని నిలబడండి. నేను లైన్లోనే ఉంటాను," అంటున్నారు. ఎంత నెమ్మదిగా ఉందో ఆ గొంతు.

మా ఇంట్లో గదులు రెండు. గడియ ఉన్న తలుపు ఒక్కటే. బాత్రూందే. లోపలికి వెళ్ళి గడియ పెట్టి, బకెట్ కింద పెట్టి కుళాయి పూర్తిగా తిప్పాను. ఇనప బకెట్లో నీళ్ళు పడితే చాలా చప్పుడవుతుంది. ఆ చప్పుడులో నేను బయటికి వినపడను. బయటిది నాకు వినపడదు. రోజుకి పది నిమిషాలు, ఒక్కోసారి పావుగంట. ఈ ఊరికి కాపురానికొచ్చాక నాకంటూ ఉన్నది అదొక్కటే.

ఏడవడానికి కారణం ఉండాలంటారు. నా దగ్గర చెప్పుకోదగ్గదేమీ లేదు. కొట్టేవాళ్ళు లేరు. తిట్టేవాళ్ళు లేరు. రోజంతా ఎవరితోనూ నాలుగు మాటలు కూడా ఉండవు, అంతే. అమ్మ ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా" అంటాను. ఆ ఒక్క మాటతో ఫోన్ అయిపోతుంది.

బకెట్ నిండాక మొహం కడుక్కుని తలుపు తీశాను. పిడుగు గుమ్మంలోనే నిలబడి ఉంది. ముక్కు కారుతోంది. అరచేతులు ఎర్రగా ఉన్నాయి. ఎత్తుకోగానే రెండు చేతులతో నా చెంపలు తడిమింది, తడిగా ఉన్నాయో పొడిగా ఉన్నాయో చూసుకుంటున్నట్టు. తర్వాత మొహం నా మెడలో దాచుకుంది. ఈసారి కరవలేదు.

ఆయన స్కూటర్ వేసుకుని ఆ ఇరుక్కున్నవాళ్ళ కోసం వెళ్ళిపోయారు. నేను వంటింట్లో పీట మీద కూర్చుని ఇంటి పుస్తకం తీశాను.

ఇంటి పుస్తకం అంటే బడివాళ్ళు అమ్మలందరికీ ఇచ్చే నోట్‌బుక్. రోజూ సాయంత్రం మూడు సంగతులు రాయాలి. పిల్లకి కోపమో దుఃఖమో ఎప్పుడొచ్చింది, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత మీరేం చేశారు. మూడు నెలల కింద టీచర్ దాన్ని నా చేతిలో పెట్టినప్పుడు నాకు చెమటలు పట్టాయి. పదో తరగతి మధ్యలో అమ్మకి జబ్బు చేసి, తమ్ముళ్ళిద్దరినీ చూసుకోవడానికి బడి మానేశాక నా చేతికి వచ్చిన మొదటి నోట్‌బుక్ అది.

మొదటిరోజు క్లాసు గోడ మీద అంటించిన కాగితం గుర్తు తెచ్చుకుని రాశాను. 'బొమ్మ విరిగింది. కోపం వచ్చింది. పక్కన కూర్చున్నాను. నీకు కోపం వచ్చింది కదా అన్నాను. వేడి పాల మీద ఊదినట్టు మూడుసార్లు ఊదమన్నాను. తగ్గింది.' అందులో బొమ్మ ఒక్కటే నిజం. మర్నాడు దాని కింద ఆకుపచ్చ ఇంకుతో టీచర్ రాసింది, 'చాలా బాగా చేశారు. చక్కగా రాశారు.'

ఆ రెండు ముక్కలూ నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే నవ్వుతారు. అప్పటి నుంచి రోజూ సరైన జవాబే రాస్తున్నాను. పరీక్షలో అడిగినదానికి ఉన్నది రాస్తామా, రాయవలసింది రాస్తాం కానీ.

ఆ సాయంత్రం కూడా రాశాను. 'ఇవాళ ఇంట్లో ప్రశాంతంగా ఉంది.'

* * *

పొద్దున క్లాసులో వెనక గోడ దగ్గర ఒక బుల్లి కుర్చీ వేశారు నాకు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

పిల్లలు లోపలికి వస్తూనే గుమ్మం పక్కన వేలాడదీసిన బొమ్మల దగ్గర ఆగుతారు. సంతోషం, దుఃఖం, కోపం, భయం, నిద్ర. అయిదు మొహాలు. ఎవరికి ఎలా ఉందో ఆ మొహానికి బట్టల క్లిప్పు పెట్టాలి. కళ్ళజోడు పాప నిద్రకి పెట్టింది. లావుపాటి ఒక బాబు అయిదింటికీ పెట్టుకోవచ్చా అని అడిగాడు. మా పిడుగు నా వేలు వదిలి తిన్నగా వెళ్ళి భయానికి పెట్టి వచ్చింది.

"రోజూ అక్కడే పెడుతుంది," అంది టీచర్ నా పక్కన చతికిలబడి. ఆ అమ్మాయిది నా వయసే. జడ కూడా నాలాగే వేసుకుంటుంది. "మీ పుస్తకం చూస్తే ఇంట్లో భయపడే సంగతే లేదు. అన్నీ ఎంత ఓపికగా చేస్తున్నారో. అందుకే లోపం మా దగ్గరే ఉందని పెద్ద మేడంతో చెప్పాను."

నేను నా కాళ్ళకేసి చూసుకున్నాను.

"ఇదివరకు వరండాలో మగ్గుతో పోసి కడిగించేవాళ్ళం. అప్పుడేం లేదు. రెండు వారాల కింద లోపల కొత్త కుళాయిలు పెట్టించాక ఆ పని ఆయమ్మకి అప్పజెప్పాం. అప్పటి నుంచే ఇది. ఆయమ్మ మంచి మనిషండీ. కానీ జరిగినవన్నీ రాసుకుని చూస్తే వేరే దారి కనపడట్లేదు."

అంతలో చెక్కముక్కల మేడ కూలిన చప్పుడైంది. కట్టిన బాబు ఒక ముక్క తీసి విసరబోయాడు. టీచర్ పరుగెత్తలేదు. నడిచి వెళ్ళి వాడి ఎత్తుకి కిందికి కూర్చుంది.

"కష్టపడి కట్టావు. కూలిపోయింది. కోపం వచ్చింది."

వాడు పళ్ళు బిగించి తలూపాడు.

"కోపం రావచ్చు. విసరకూడదు. నీకిప్పుడు ఏం కావాలి?"

"ఏనుగు."

"వెళ్ళి తెచ్చుకో మరి."

కిటికీ పక్కన చాప, రెండు దిళ్ళు, ఒక గుడ్డ ఏనుగు ఉన్నాయి. దాన్ని నిమ్మళం మూల అంటారు. ఎవరినీ అక్కడికి పంపరు, ఎవరికి కావాలంటే వాళ్ళు వెళతారు. వాడు ఏనుగుని కావలించుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి లేచివచ్చి మళ్ళీ మేడ కట్టడం మొదలుపెట్టాడు. ఆ చాప కొలత చూశాను. నాలాంటివాళ్ళకి పట్టదు.

ఆయమ్మ పండ్ల ముక్కల పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. ముంజేతికి కట్టు ఉంది. నన్ను చూసి ఆగిపోయింది. నేనే లేచి నిలబడ్డాను, కుర్చీ కూడా నాతోపాటే లేచింది.

"కూర్చో తల్లీ, కూర్చో. ఆ కుర్చీ ఎవరినీ తొందరగా వదలదు," అంది నవ్వి. తర్వాత గొంతు తగ్గించింది. "పదకొండేళ్ళయింది ఈ పిల్లల ముక్కులు తుడవబట్టి. నా కొడుక్కి కూడా ఇన్నిసార్లు తుడవలేదు. ఎవరినీ నొప్పించలేదనే అనుకున్నాను. ఏమో, చెయ్యి మొరటు పడిపోయిందేమో. నాకు తెలీకుండానే గట్టిగా పట్టుకుంటున్నానేమో. నిన్న ఇంటికెళ్ళి మా ముసలాయన చెయ్యి పట్టుకుని చూశాను, నొప్పిగా ఉందా చెప్పమని. ఇన్నాళ్ళకి నా చెయ్యి పట్టుకున్నావా అని మురిసిపోయాడు తప్ప సంగతి చెప్పలేదు."

నాకు నవ్వు రాలేదు. ఆవిడ కట్టు మీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయింది.

పది కావస్తుండగా టీచర్ పాట ఎత్తుకుంది. పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి వరస కట్టారు. పక్కగదిలో గోడ పొడవునా కుళాయిలు, కింద తొట్టి. ఆ పక్కనే బాత్రూం తలుపు, మూసి ఉంది. నేను కూర్చున్న చోటికి అంతా కనపడుతోంది. పిడుగు నాలుగోది వరసలో. వెనక్కి తిరిగి నన్ను చూసి చెయ్యి ఊపింది కూడా.

ఆయమ్మ కుళాయిలన్నీ వరసగా తిప్పింది.

నీళ్ళు రేకు తొట్టిలో పడ్డాయి. చప్పుడు గదంతా నిండింది. పిడుగు భుజాలు బిగుసుకుపోయాయి. ఆయమ్మని చూడలేదది. పక్కనున్న పిల్లల్ని చూడలేదు. వెనక కూర్చున్న నన్ను కూడా చూడలేదు. వరస వదిలేసి మూసి ఉన్న బాత్రూం తలుపు దగ్గరికి పరుగెత్తి రెండు అరచేతులతో దబదబా బాదడం మొదలుపెట్టింది.

"అమ్మా, తియ్యి. అమ్మా, ఏడవకు. బయటికి రా."

నేను అక్కడే ఉన్నాను. పదడుగుల దూరంలో.

తలుపు సందులో వేళ్ళు పడతాయని ఆయమ్మ దాని మణికట్టు పట్టుకుని పక్కకి లాగబోయింది. పిడుగు నోరు తెరిచింది. ఆయమ్మ ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంకో చేత్తో కుళాయి కట్టేసే ప్రయత్నంలో ఉంది, తడి చేతికి అది తిరగట్లేదు.

నేనెలా లేచానో తెలీదు. వెళ్ళి దాన్ని వెనక నుంచి పట్టుకున్నాను. "నేనిక్కడున్నానే. ఇటు చూడు. నేను లోపల లేను."

నమ్మలేదది. తలుపుకేసి చూసింది, నా మొహంకేసి చూసింది. చివరికి రెండు అరచేతులతో నా చెంపలు తడిమింది.

ఈసారి తడిగానే ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ ఆ నీళ్ళ చప్పుడులో అమ్మ కావాలని ఏడుస్తోందనుకున్నాం. ఎందుకండీ అలా పిలిచింది?" అంది టీచర్. ఆమె గొంతులో తప్పు పట్టడం లేదు. "బాత్రూంలో మీరున్నారని ఎందుకనుకుంది?"

నేను కొంగుతో దాని ముక్కు తుడిచాను. గుమ్మంలో అటెండరు నిలబడి, మీ ఆయన వచ్చారు, పెద్ద మేడం రమ్మంటున్నారు అన్నాడు.

* * *

పెద్ద మేడం గదిలో ఆయన అప్పటికే కాగితం బల్ల మీద పెట్టేశారు. రెండో గీత ఇంకా ఖాళీగానే ఉంది. ఆయమ్మ గోడవారగా నిలబడి ఉంది. కట్టు మీద కొత్తగా ఎర్రమరక.

"నేను మానేస్తాను మేడం," అంది ఆయమ్మ ఎవరూ అడక్కముందే. "పసిపిల్ల నన్ను చూసి అంత భయపడుతోందంటే నాలో ఏదో ఉండే ఉంటుంది. తీసేశారనే మాట వద్దు. నేనే మానేశానని రాసుకోండి."

"అదీ మంచిదే," అన్నారాయన. "మాకూ ఎవరి మీదా పగ లేదు."

పెద్ద మేడం కళ్ళజోడు తీసి నాకేసి చూసింది. "అమ్మా, మీరు ఏమీ అనలేదు."

ఇంటి పుస్తకం టీచర్ చేతిలో ఉంది. నేను దానికేసి చూస్తూనే చెప్పాను. "అందులో రాసినవి అబద్ధాలు."

"ఏ రోజువి?" అంది టీచర్.

"అన్నీ."

ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "ఏం మాట్లాడుతున్నావు నువ్వు?"

నేను ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. రోజూ బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటానని, వినపడకుండా కుళాయి తిప్పుకుంటానని, ఏడుస్తానని, పాప బయట తలుపు కొడుతుందని, తీశాక ఒక్కోరోజు నన్ను కొరుకుతుందని చెప్పాను. ఇక్కడ కుళాయి చప్పుడు వినగానే నేను లోపలే ఉన్నాననుకుంటోందని చెప్పాను. మొత్తం కలిపితే పట్టుమని పది వాక్యాలు లేవు. మూడు నెలల్లో పుస్తకంలో ఒక్కటి కూడా రాయలేకపోయినవి.

టీచర్ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "మీరు రాసిన పేజీలు మిగతా అమ్మలకి చదివి వినిపించానండీ," అంది నెమ్మదిగా. "ఇలా చేయండి అని."

అంతకన్నా తిట్టినా బాగుండేది.

"రెండు వారాలు," అంది ఆయమ్మ గోడ దగ్గర నుంచి. "రెండు వారాలు నా చెయ్యి నేనే చూసుకుంటూ కూర్చున్నాను తల్లీ." నన్ను చూడలేదు.

ఆయన మొహం ఎర్రబడింది. అరవలేదు. ఆయన ఎక్కడా అరవరు. "మేడం, ఈవిడకి జాలి ఎక్కువ. ఆవిడ పని పోతుందని కథ అల్లుతోంది."

"భుజం మీద మచ్చలున్నాయండీ," అన్నాను.

"పిల్లలు ఆడుకుంటూ కొరకరా?" నాకేసి తిరగకుండా పెద్ద మేడంతోనే చెబుతున్నారు. "ఉండేది రెండు గదుల్లో. మా అమ్మ గడప దాటదు, మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లోనే ఉంటుంది. ఈవిడ రోజూ ఏడుస్తుంటే, పిల్ల రోజూ తలుపు బాదుతుంటే మా అమ్మకి తెలీదా? నాకు చెప్పదా? ఇంట్లో ఏం లోటని ఏడుస్తుంది? అడగండి, ఏం లోటో చెప్పమనండి."

పెద్ద మేడం అడగలేదు. ఏం లోటు అంటే ఒక్క వస్తువు పేరు కూడా తోచలేదు నాకు.

"చూడండి," అంది పెద్ద మేడం చివరికి. "మీరిద్దరూ ఒకే ఇంటి సంగతి రెండు రకాలుగా చెబుతున్నారు. అమ్మ చెప్పింది నిజమైతే పాపకి ఎలా సాయం చేయాలో మాకు తెలుసు. మళ్ళీ వరండాలో మగ్గుతో కడిగిస్తాం, ఆ చప్పుడుకి నెమ్మదిగా అలవాటు చేస్తాం, పాప ఇక్కడే ఉంటుంది, ఆయమ్మా ఉంటుంది. కానీ ఇంట్లో తలుపు అలాగే ఉంటే ఇక్కడ మేమెంత చేసినా ఒకటే. మీది నిజమైతే ఆయమ్మ విషయం నేను తేల్చాలి. రేపు పొద్దునకల్లా ఒక మాట మీదికి రండి. అంతవరకు ఆయమ్మ పిల్లల దగ్గరికి రాదు."

ఆయమ్మ తలూపి బయటికి నడిచింది.

వరండాలో ఆయన స్కూటర్ తాళం వేలికి తిప్పుతూ నిలబడ్డారు. "పిల్లని తీసుకురా. వెళదాం."

"పన్నెండు దాకా బడి ఉంది."

"ఇంకెక్కడి బడి? ఇంటి సంగతులు నలుగురిలో పరిచాక మళ్ళీ ఇక్కడ మొహం చూపిస్తామా? రేపటి నుంచి రాదు."

"వస్తుంది," అన్నాను.

ఆయన నాకేసి చూశారు, ఎవరో తెలియని మనిషి దారి అడిగితే చూసినట్టు. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయారు. స్కూటర్ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా విన్నాను.

క్లాసులోకి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. వరండాలో పిల్లల చెప్పులు బారుగా సర్దిన చోట మెట్టు మీద కూర్చున్నాను. లోపల టీచర్ ఏదో కథ చెబుతోంది. పిడుగు గొంతు ఒకసారి వినపడింది, ఏదో అడుగుతోంది. మామూలుగానే ఉంది దాని గొంతు.

పావుగంటకి ఫోన్ మోగింది. అత్తయ్య. ఆవిడ నాకు ఫోన్ చేయడం అదే మొదలు. ఎప్పుడూ ఒకే ఇంట్లో ఉంటాం కదా.

"వాడు ఫోన్ చేశాడు," అంది. "పిల్లని మాన్పించేస్తానంటున్నాడు."

"అవునత్తయ్యా."

"నువ్వు రోజూ ఏడుస్తావని అక్కడ చెప్పావట. నీకేమైనా తెలుసా అమ్మా, నువ్వెప్పుడైనా విన్నావా అని నన్నడిగాడు."

చెప్పుల వరసలో ఒక జత తిరగబడి ఉంది. దాన్ని సరిచేశాను. "మీరేమన్నారు?"

"పొయ్యి మీద పాలున్నాయని పెట్టేశాను."

ఆవిడ ఊపిరి వినపడుతోంది.

"పాలు లేవు," అంది. "ఇప్పుడే ఇంకోసారి చేస్తాడు. వాడు వదలడు."

"మీరు విన్నారా అత్తయ్యా?"

"ఆ గోడ ఎంత మందం ఉంటుందనుకున్నావు? నా మంచం దానికి ఆనుకునే కదా ఉంది. కాపురానికొచ్చిన నెల నుంచీ వింటూనే ఉన్నాను."

నాలుగేళ్ళు, ఇంకా పైన. అన్నాళ్ళూ నేను ఒక్కదాన్నే అనుకున్నాను. ఒక్కదాన్ని కాదని తెలిస్తే మనసు తేలికపడాలి. నాకు మాత్రం ఒళ్ళంతా చల్లబడిపోయింది.

"మరెందుకు పిలవలేదు? ఒక్కసారైనా తలుపు కొట్టలేదేం?"

"ఏమో," అంది. "మా రోజుల్లో కుళాయిలు లేవు. పెరట్లో నూతి దగ్గర ఏడ్చేదాన్ని. మా అత్తగారు చూసి లోపలికి వెళ్ళిపోయేది. అదే మర్యాదనుకున్నాను."

లోపల కథ అయిపోయినట్టుంది, పిల్లలు లేస్తున్నారు.

"మీరు విన్నారని ఆయనకి చెబుతారా అత్తయ్యా? నేను చెబితే నమ్మట్లేదు. మీరు చెబితే నమ్ముతారు. ఆ ఆయమ్మ పని ఉంటుంది. పిల్ల బడి ఉంటుంది. ఒక్కమాట చాలు."

ఫోన్లో బీప్‌మని చప్పుడు వచ్చింది. ఆవిడకి ఇంకో ఫోన్ వస్తోంది.

"వాడే," అంది అత్తయ్య. కానీ నా ఫోన్ పెట్టేయలేదు. బీప్, మళ్ళీ బీప్. "నువ్వన్నది నిజమేనని చెప్పడం పెద్ద కష్టమేం కాదే అమ్మాయ్. అయితే నాలుగేళ్ళ నుంచి ఏం చేస్తున్నావమ్మా అని వాడడుగుతాడు. తెలిసీ ఊరుకున్నానని నా కొడుకుతో ఎలా చెప్పను?"